అడుగున్నర మోడల్, పదిహేనడుగుల విగ్రహం: మా పనిలో అపోహలు, వాస్తవాలు

పోయిన నెల మళ్లీ అదే ఫోన్. జడ్చర్ల వైపు ఒక ఊరి కమిటీ వాళ్లు. తల మీద తట్ట, భుజాన పార, పక్కన పిల్ల: బొంబాయి బస్సెక్కే పాలమూరు కూలీల బొమ్మ కావాలన్నారు. నేను అడుగున్నర మోడల్ చేసిచ్చాను. అందరికీ నచ్చింది. ఆ తర్వాత వచ్చిన ఫోన్ ఇది.

"అన్నా, మోడల్‌కు ముప్పై వేలు తీసుకున్నవ్. మాకు పదిహేనడుగులు కావాలె. అంటే పది రెట్లు, మూడు లక్షలు. చందాలు మూడు లక్షల ఇరవై వేలు జమైనయ్. ఇరవై వేలు ఓపెనింగ్‌కు పెట్టుకుంటం. పని ఎప్పుడు మొదలువెడ్తవ్?"

నాకు వెంటనే మాట రాలేదు. ఆయన బేరమాడటం లేదు. నిజంగానే లెక్క వేసుకున్నాడు. ఆ చందాల్లో సగం బొంబాయి, పుణెల్లో ఇంకా సెంట్రింగ్ పని చేస్తున్న పిల్లలు పంపిన పైసలు. అందుకే కోపం రాలేదు, భయమేసింది. ఇదే లెక్కతో ఎవరో ఒకరు "సరే" అని అడ్వాన్స్ తీసుకుంటారు. బొమ్మ నడుము దాకా లేచి ఆగిపోతుంది. ఇలా ఆగిపోయిన బొమ్మలు షెడ్ల వెనక టార్పాలిన్ కింద పడి ఉండటం నేను చాలా చూశాను.

అపోహ: ఎత్తు పది రెట్లయితే ఖర్చూ పది రెట్లే

మా పనిలో జనం జేబుకు అన్నిటికన్నా పెద్ద చిల్లు పెట్టేది ఇదే. కాబట్టి దీని దగ్గరే కాసేపు కూర్చుందాం.

అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న డబ్బాలో నీళ్లు పోయండి. 28 లీటర్లు పడతాయి. ఇప్పుడు అన్ని వైపులా రెండడుగులున్న డబ్బా తీసుకోండి. 56 లీటర్లు అనుకుంటారు. 226 పడతాయి. కొలత రెట్టింపు చేస్తే రేకు నాలుగు రెట్లు, లోపలి సరుకు ఎనిమిది రెట్లు. కొలత పది రెట్లు చేస్తే పైభాగం వంద రెట్లు, సరుకు వెయ్యి రెట్లు.

అడుగున్నర మనిషి బొమ్మకు నాకు పట్టేది దాదాపు రెండు కిలోల మట్టి. అదే బొమ్మను గట్టి ముద్దగా పదిహేనడుగులకు పెంచితే రెండు టన్నులు. మేం అలా ముద్దగా చేయం. లోపల ఇనుప ఆర్మేచర్ (అస్థిపంజరం లాంటి చట్రం), చెక్క, థర్మోకోల్ పెట్టి మట్టి తగ్గిస్తాం. కానీ పైభాగం వంద రెట్లు పెరగడం మాత్రం ఎవరూ తగ్గించలేరు. మలిచే చెయ్యికి, అచ్చుకు, ఫైబర్ షీటుకు, రంగుకు, కంచుకు లెక్క పడేది ఆ పైభాగం మీదే.

కంచు లెక్క చూడండి. బట్ట కట్టిన ఆరడుగుల బొమ్మ పైభాగం రెండున్నర చదరపు మీటర్లు, పోత మందం 6 మిల్లీమీటర్లు అనుకుందాం. బరువు దాదాపు 130 కిలోలు. అదే మందంతో పన్నెండడుగులు చేస్తే 530 కిలోలు. నిజానికి అంత ఎత్తుకు ఆ మందం చాలకపోవచ్చు. పైగా లోపలి ఫ్రేమ్ వేరే. ఎత్తు రెట్టింపయింది, లోహం నాలుగు రెట్లు దాటింది.

డబ్బు సంగతి అలా ఉంచండి. నాకు నిద్ర పట్టనివ్వనిది చీలమండ. మోడల్‌లో రెండు కాళ్లలోనూ సన్నని తీగ పెడితే బొమ్మ నిలబడుతుంది. పదిహేనడుగుల దగ్గర ఆ రెండు చీలమండలే మొత్తం మోయాలి, గాలినీ ఆపాలి. కట్టడాల మీద గాలి తోపు లెక్కకు ఐఎస్ 875 మూడో భాగం అని ఒక భారత ప్రమాణం ఉంది. అందులో హైదరాబాద్‌కు ఇచ్చిన మూల వేగం సెకనుకు 44 మీటర్లు. ఆ వేగంలో ప్రతి చదరపు మీటరు మీద పడే ఒత్తిడి దాదాపు 118 కిలోల బరువంత. బొమ్మ ముందు వైపు నాలుగున్నర చదరపు మీటర్లు ఉంటే, మిగతా గుణకాలు పక్కన పెట్టినా, అర టన్నుకు పైగా తోపు. తల మీద తట్ట కూడా ఉంటే ఆ తోపు బొమ్మ పైకొసను పట్టుకుని ఊపుతుంది. ఇవేవీ మోడల్‌లో కనపడవు.

ఇదంతా నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. కొత్తలో డప్పు కొట్టే మనిషి బొమ్మ ఒకటి చేశాను, తొమ్మిదడుగులు, ఫైబర్. కుడి చెయ్యి పైకెత్తి సిర్ర (డప్పు పుల్ల) పట్టుకుని ఉంటుంది. మోడల్‌లో ఆ చెయ్యి అద్భుతం, అందరూ దాన్నే మెచ్చుకున్నారు. మోడల్‌లో తీగ నిలబెట్టింది కదా అని పెద్దదానిలో అదే తీరున ఒక సన్న పైపు పెట్టి ఊరుకున్నాను. ఇంజనీరుకు చూపించలేదు, ఆ పైసలు మిగులుతాయనుకున్నాను. మొదటి వానాకాలం ఈదురుగాలికి భుజం దగ్గర పగిలి చెయ్యి వేలాడింది. కింద ఎవరూ లేరు కాబట్టి బతికిపోయాను. నా బండి అమ్మి బాగుచేశాను. తప్పు పూర్తిగా నాదే.

హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం రాం వి. సుతార్ రూపకల్పన. కంటికి కనపడే కంచు అక్కడ తొడుగు మాత్రమే. మోసేది లోపలి ఉక్కు అస్థిపంజరం. మన ఊరి పది, పదిహేనడుగుల బొమ్మకూ అదే సూత్రం. కాబట్టి కొటేషన్‌లో "విగ్రహం: ఇంత" అని ఒకే లైను రాసిస్తే తీసుకోకండి. మోడల్, పెద్దగా మలచడం, అచ్చు, పోత లేదా ఫైబర్, లోపలి ఫ్రేమ్, ఇంజనీరు డ్రాయింగ్, ఫుటింగ్ (పునాది), బేస్ ప్లేటు బోల్టులు, లారీ, క్రేన్, నిలబెట్టాక ఫినిషింగ్, అన్నీ విడివిడిగా రాయించుకోండి. ఫుటింగ్ కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. ఎర్ర చల్కలో ఒక తీరు, వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే నల్లరేగడిలో ఇంకో తీరు.

అపోహ: మన దగ్గర గుట్టలే గుట్టలు, రాతితో చేస్తే చవక

రాయి దొరకడం వేరు, కదలడం వేరు. హుస్సేన్‌సాగర్ బుద్ధుడు మన రాయే. అప్పటి నల్లగొండ జిల్లా రాయగిరి దగ్గరి గ్రానైటు. గణపతి స్థపతి బృందం చెక్కింది. 300 టన్నులకు పైబడిన ఏకశిల. చెక్కడం ఒక ఎత్తు, తరలించడం ఒక ఎత్తు. 1990 మార్చిలో బార్జి (సరుకు మోసే చదును పడవ) మీద తీసుకెళ్తుంటే విగ్రహం నీళ్లలోకి జారిపోయింది, మనుషుల ప్రాణాలూ పోయాయి. బయటికి తీసి నిలబెట్టేసరికి 1992 డిసెంబరు వచ్చింది. మన బొమ్మ మూడు టన్నులే కావచ్చు. కానీ ఊరి బాట మీద క్రేన్ తిరుగుతుందా అన్న ప్రశ్న మాత్రం రాయి కొనకముందే వేసుకోవాలి.

అపోహ: మోడల్‌లో ఎలా ఉంటే పైన కూడా అలాగే కనపడుతుంది

మోడల్‌ను టేబుల్ మీద పెట్టి చుట్టూ నిలబడి చూస్తారు. అంటే పైనుంచి చూస్తున్నారు. విగ్రహాన్ని ఐదడుగుల దిమ్మె కింది నుంచి, మెడ పైకెత్తి చూస్తారు. అక్కడ కాళ్లు పెద్దవిగా, తల చిన్నదిగా కనపడుతుంది. గడ్డం ముక్కును మింగేస్తుంది. అందుకే పెద్ద బొమ్మకు తల, భుజాలు కొంచెం పెంచుతాం, కళ్ల చూపు కొంచెం కిందికి దించుతాం. షెడ్డులో నేల మీద ఉన్నప్పుడు "తల పెద్దగైంది" అని గొడవ పెట్టేవాళ్లు, దిమ్మె ఎక్కాక ఆ మాట మళ్లీ ఎత్తరు. మోడల్ చూడాలంటే దాన్ని బీరువా మీద పెట్టి మీరు కుర్చీలో కూర్చోండి. లేదా ఫోన్ కెమెరాను మోడల్ పాదాల కన్నా కిందికి పెట్టి ఫోటో తీయండి.

ఎండ సంగతి కూడా. ట్యూబులైటు కింద బాగున్న ముఖం, పడమర వైపు తిరిగి నిలబడితే మధ్యాహ్నం దాకా నీడలో నల్లగా ఉంటుంది. మే నెల నల్లగొండ ఎండలో మంచి గెల్‌కోట్ (పైన వేసే రక్షణ పూత) లేని ఫైబర్ తెల్లగా పొడి రాలుతుంది.

అపోహ: మోడల్ ఫ్రీగా ఇస్తారు, నచ్చకపోతే ఇంకొకరితో చేయించుకోవచ్చు

దీని మీద నాకు ఓపిక తక్కువ. ఒకసారి నలుగురు శిల్పులను పిలిచి నాలుగు మోడళ్లు తెప్పించుకుని, పైసా ఇవ్వకుండా, అందరి మోడళ్ల ఫోటోలూ చవకగా చేసే ఐదో మనిషికి ఇచ్చారు. ఆ నలుగురిలో నేనూ ఒకణ్ని. మా షెడ్డులో పనిచేసే పిలగాడు ఆ బొమ్మను ఫోటోలో చూసి "అన్నా, నీ తట్ట, వాళ్ల కాళ్లు" అన్నాడు.

1957 నాటి కాపీరైట్ చట్టంలో శిల్పం అంటే పోతలు, అచ్చులు కూడా కలిసే ఉన్నాయి. హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా సంతకం ఉండాలి. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద, గీయించుకున్న పెయింటింగ్ మీద హక్కు చేయించుకున్నవారికి పోయే నిబంధన ఒకటి ఉంది. ఆ జాబితాలో శిల్పం లేదు. ప్రభుత్వం చేయించే పనికి వేరే నిబంధన ఉంది, అది చూసుకుని సంతకం పెట్టండి. హక్కు అమ్మేసినా పనిని పాడుచేస్తే నిలదీసే హక్కు శిల్పికి మిగులుతుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకేశారు. ఆయన కోర్టుకెళ్లాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకు ఇచ్చేయమని, ఐదు లక్షల పరిహారం ఇమ్మని తీర్పు చెప్పింది. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన తమ్ముళ్లూ, టెన్షన్ పడకండి. మోడల్‌కు విడిగా రేటు చెప్పండి, ఒక కాగితం మీద సంతకం తీసుకోండి. అడిగితే పని పోతుందని భయం. అడగకపోతే పోయిన పనులే నాకు ఎక్కువ.

మిగతావి గబగబా

"స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు రాదు." వస్తుంది. మామూలు ఇనుము గ్రైండ్ చేసిన చక్రంతోనే దాన్నీ గ్రైండ్ చేస్తే, వెల్డింగ్ మచ్చలు శుభ్రం చేయకపోతే, గోధుమరంగు చారలు వస్తాయి.

"త్రీడీ ప్రింటర్ వచ్చింది, శిల్పి ఎందుకు?" మోడల్‌ను స్కాన్ చేసి పెద్దది చేయడానికి యంత్రం మంచిదే, నేనూ వాడతాను. అడుగున్నర బొమ్మలో కనపడని వేలిముద్ర పదిహేనడుగుల్లో గుంతలా తేలుతుంది. దాన్ని సరిచేసేది మళ్లీ చెయ్యే.

"కంచు రంగు వేస్తే కంచే కదా." కాదు. అంతే.

"సర్పంచ్ ఒప్పుకున్నాడు, చౌరస్తాలో పెట్టేస్తాం." 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రోడ్లు, ఫుట్‌పాత్‌లు, ప్రజలు వాడుకునే స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని రాష్ట్రాలను ఆదేశించింది. రోడ్ల సుందరీకరణ లాంటి పనులకు మినహాయింపు ఉంది, కానీ అది మీరు చెప్పుకుంటే సరిపోదు, రాతపూర్వక అనుమతి కావాలి. బొమ్మకు అడ్వాన్స్ ఇచ్చాక స్థలం వెతుక్కునేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

"మనిషి లేకపోతే జనానికి అర్థం కాదు." ఒక పట్టణానికి నేను ఉత్త తట్టలు ఒకదాని మీద ఒకటి మెలితిరిగి పైకి లేచే ప్రపోజల్ ఇచ్చాను. "మనిషేడి?" అని తిప్పి పంపారు. ఆ మోడల్ మా షెడ్డు గుమ్మం దగ్గరే ఉంది. పాలు పోసే ఆమె ఒకరోజు దాన్ని చూసి "మా అయ్య మోసిన తట్టలే ఇవి" అని పోయింది. నిజానికి పానగల్లు పచ్చల సోమేశ్వరం గుడిలో బొమ్మలు చెక్కిన గోడల ముందు గంటసేపు నిలబడే మా జిల్లా జనానికి బొమ్మలు చూడటం ఎవరూ నేర్పక్కర్లేదు.

సరే, జడ్చర్ల వైపు ఊరి సంగతి. ఫోన్‌లో లెక్కలు చెబితే ఎవరికీ ఎక్కవు. చౌరస్తా ఆలోచన మాన్పించి, పంచాయతీ ఆవరణలో స్థలం చూద్దామని ఒక ఆదివారం పోయాను. వెదురు బొంగులు కట్టి, పాత ఫ్లెక్సీని బొమ్మ ఆకారంలో కత్తిరించి, దిమ్మెతో కలిపి ఇరవై అడుగులు లేపుదామన్నాను. ఎవరికైనా నేను చెప్పేది ఇదే: అసలు కొలతలో ఒక అట్టబొమ్మ నిలబెట్టి ఒక పూట చూడండి, ఖర్చు చాయ్‌లకే.

ఊరు ఊరంతా వచ్చింది. పడుకోబెట్టిన బొమ్మను తాళ్లతో సగం లేపామో లేదో, గేటు దగ్గర నుంచి లైన్‌మన్ కేకేస్తూ ఉరికొచ్చాడు. పైన కరెంటు తీగలు. నాతో సహా ఎవరూ తలెత్తి చూడలేదు.

"బొమ్మను తగ్గిస్తరా, లైన్ మార్పిస్తరా? మార్పిస్తే దానికి వేరే కట్టాలె" అన్నాడాయన.

కమిటీ పెద్దాయన తీగల వైపు చూశాడు, నేల మీద పడుకున్న ఫ్లెక్సీ వైపు చూశాడు. తర్వాత దాని పక్కన నిలబడి, తన నెత్తి మీద జానెడు ఎత్తున చెయ్యి పెట్టి చూపించాడు.

"ఏడడుగులు చాలన్నా. మా నాయిన గంతకంటె పొడుగేం లేకుండె."