మలుపులో టకటకలాడే చక్రం

స్టీరింగు చివరిదాకా తిప్పి యాక్సిలరేటర్ తొక్కితే ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు వస్తోందా? వేగంతోపాటు ఆ చప్పుడూ జోరందుకుని, స్టీరింగు నేరుగా రాగానే ఆగిపోతుంటే ముందుగా అనుమానించాల్సింది సీవీ (కాన్‌స్టంట్ వెలాసిటీ, అంటే సమవేగ) జాయింటునే. ఇంజన్ శక్తిని ముందు చక్రానికి చేరవేసే యాక్సిల్ చివర ఉండే కీలు అది. ఓపిక, సరైన పనిముట్లు ఉన్నవారు ఇంటి దగ్గరే దాన్ని మార్చుకోవచ్చు. కానీ అది ఎందుకు చెడిందో తెలియకుండా పానా పడితే కొత్తదీ అదే దారి పడుతుంది.

అంబాసిడర్‌లో ఇంజన్ తిప్పేది వెనక చక్రాలను. 1983లో మారుతి 800 వచ్చాక బండిని లాగడం, పక్కకు తిప్పడం రెండూ ముందు చక్రాల పనే అయ్యాయి. వంగి ఉన్న కీలు గుండా శక్తిని ఒకే వేగంతో పంపడం తేలిక కాదు. లారీల షాఫ్టుకు ఉండే క్రాస్ జాయింటును 30 డిగ్రీలు వంచి చూడండి. ఒకవైపు సమవేగంతో తిరుగుతున్నా, రెండోవైపు వేగం ప్రతి చుట్టులోనూ రెండేసిసార్లు 15 శాతం దాకా పెరిగి, 13 శాతం దాకా తగ్గుతుంది. ముందు చక్రాలకు అదే పెడితే ప్రతి మలుపులోనూ స్టీరింగు వణికిపోతుంది.

ఈ చిక్కును 1920లలో ఆల్‌ఫ్రెడ్ ర్జెప్పా అనే ఇంజనీరు అందంగా విప్పాడు. బయట ఒక ఉక్కు గిన్నె, లోపల ఒక ఉక్కు గుండు, రెండింటికీ వంపు గాడులు, వాటి మధ్య ఆరు బంతులు. కీలు ఎంత వంగినా ఆ కోణాన్ని సరిగ్గా సగం చేసే తలంలోనే బంతులు నిలిచేలా ఒక పంజరం వాటిని పట్టి ఉంచుతుంది. బంతులకు రెండు వైపులా అమరిక ఒకేలా ఉంటుంది కాబట్టి వేగమూ ఒకటే. యంత్రాల లోకంలో ఇంత సొగసైన జ్యామితి అరుదు.

ఆ బంతుల మీద పడే బరువు ఊహకు అందదు. చిన్న కారు ఇంజన్ 60 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుందనుకుందాం. మొదటి గేరులో అది పదిహేను రెట్లయి, రెండు యాక్సిళ్లకు పంచితే ఒక్కోదానికి 450 వస్తుంది. కేంద్రం నుంచి 3 సెంటీమీటర్ల దూరంలో ఉన్న ఆరు బంతులు దాన్ని మోయాలి. అంటే ఒక్కో బంతి మీద దాదాపు 250 కిలోల బరువు, అదీ కొద్దిపాటి చోటులోనే. లోహం లోహాన్ని తినేయకుండా అడ్డుపడేది మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిపిన నల్లటి గ్రీజు. దాన్ని కాపాడేది మడతల రబ్బరు బూటు.

నా దృష్టిలో ఈ మొత్తం అమరికలో అసలు ప్రాణం ఆ బూటే. అది చిరిగితే చక్రం తిరిగే జోరుకు గ్రీజు చిమ్మిపోతుంది, దుమ్ము లోపలికి చేరుతుంది. రోడ్డు దుమ్ములో ఉండే క్వార్ట్జ్ రేణువులు గట్టిపరచిన ఉక్కుకన్నా గట్టివి. మిగిలిన గ్రీజు వాటితో కలిసి సానబెట్టే ముద్దగా మారి గాడులను గుంతలు చేస్తుంది. బంతి ఆ గుంతలో పడి లేచే చప్పుడే మనకు వినిపించే టకటక.

కాబట్టి బూటు చిరిగినా చప్పుడు ఇంకా మొదలవకపోతే కీలును విప్పి, కడిగి, కొత్త గ్రీజు, కొత్త బూటు వేస్తే సరిపోవచ్చు. చప్పుడు మొదలైందంటే గాడి దెబ్బతిన్నట్టే. ఎంత గ్రీజు నింపినా పోయిన ఉక్కు తిరిగి రాదు, జాయింటునో మొత్తం యాక్సిల్‌నో మార్చాల్సిందే. కొనేముందు పాతదానితో పోల్చి షాఫ్టు దూరే చోట ఉండే పళ్ల సంఖ్య లెక్కపెట్టుకోవాలి.

పని మొదట్లోనే, చక్రం నేల మీద ఉండగా, హబ్ నట్టును (చక్రం మధ్యలో యాక్సిల్ చివరను పట్టి ఉంచే పెద్ద నట్టు) వదులు చేయాలి. వదులు చేశాక బండిని కదపకూడదు, చక్రం బేరింగు దెబ్బతింటుంది. తర్వాత జాకీతో లేపి, బరువును స్టాండు మీదికి దించాలి. జాకీని మాత్రమే నమ్మి బండి కిందికి తల పెట్టడం ప్రాణాలతో చెలగాటం. హబ్‌ను కింది నుంచి పట్టి ఉంచే బాల్ జాయింటును విడదీస్తే హబ్ పక్కకు జరుగుతుంది, యాక్సిల్ బయటికొస్తుంది. గేర్‌బాక్సు వైపు కూడా లాగేస్తే ఆయిల్ కారుతుంది, కింద పళ్లెం ఉండాలి, పోయినంత ఆయిల్ మళ్లీ పోయాలి.

చాలా కార్లలో బయటి జాయింటును షాఫ్టుకు పట్టి ఉంచేది సర్‌క్లిప్ అనే చిన్న స్ప్రింగు రింగు. లోపలి గుండు మీద ఇత్తడి కడ్డీ ఆనించి సుత్తితో కొడితే ఊడివస్తుంది. కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఒక్కో బంతినీ వెలుతురులో చూడాలి. గాడిలో గోరు తగిలే గుంత ఉంటే ఆ జాయింటు పనికిరాదు. బాగుంటే బూటుతో వచ్చిన గ్రీజు ప్యాకెట్ మొత్తం బంతుల సందుల్లోకి వేలితో దూర్చాలి. మామూలు గ్రీజు వద్దు. బూటు అంచును స్క్రూడ్రైవర్‌తో కాస్త ఎత్తి లోపల చిక్కిన గాలిని వదిలాకే బూటు క్లిప్పు బిగించాలి, లేకపోతే బూటు ఉబ్బి త్వరగా పగులుతుంది.

హబ్ నట్టు కొత్తదే వాడి, తయారీదారు చెప్పిన టార్క్‌కు రెంచితో బిగించాలి. అందాజు చాలదు. ఆ తర్వాత ఖాళీ మైదానంలో రెండు వైపులా పూర్తిగా తిప్పుతూ నడిపి చూడాలి. కొద్దిరోజులకు టార్చి వేసి బూటు మడతలను, చక్రం రిమ్ము లోపలి వైపును పరిశీలించాలి. అక్కడ నల్లటి గ్రీజు మరకలు కనిపిస్తే బూటు అప్పుడే కారుతోందన్నమాట. చప్పుడు మొదలయ్యేలోగా క్లిప్పు మళ్లీ బిగించుకోవచ్చు.