షుగరున్న ఆడవాళ్ళకి హార్మోన్లు వద్దన్న మాట ఎక్కడ పుట్టింది?

"షుగరుంది కదమ్మా, ఆ హార్మోన్ల జోలికి మనం పోవద్దు."

ముట్లుడిగే వయసులో వచ్చే బాధలకి ఇచ్చే హార్మోన్ మందుల గురించి అన్న ఈ మాట మా పిన్ని విషయంలో మూడుసార్లు విన్నాను. ఊళ్ళో ఆర్‌ఎంపీ అన్నాడు, మందుల షాపులో అన్నారు, చివరికి షుగరుకి చూసే డాక్టరు కూడా అన్నారు. ముగ్గురూ ఆమె మేలు కోరే అన్నారు, అందులో అనుమానం లేదు. కానీ ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోతే కథ చాలావరకు అమెరికాలో జరిగింది. దాని బరువు మాత్రం పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లో కాయలు ఏరే మా పిన్ని మోసింది.

ముందు అసలు బాధేమిటో చెప్పాలి. ముట్లుడిగే వయసులో అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారీని తగ్గించేస్తాయి. ఒంటి వేడిని అదుపులో పెట్టే మెదడు భాగం దాంతో అతి సున్నితంగా తయారవుతుంది. కాస్త వేడి పెరిగినా చాలు, ఛాతీ దగ్గర మొదలై మొహం దాకా ఆవిరి కొట్టినట్టు అవుతుంది. చెమటలు పోస్తాయి, గుండె దడదడలాడుతుంది, ఆ వెంటనే చలి వేస్తుంది. రాత్రిళ్ళు నిద్ర ఉండదు. ఇదే సమయంలో కొవ్వు నడుము చుట్టూ చేరుతుంది, ఇన్సులిన్ పనితనం మందగిస్తుంది. అప్పటికే షుగరున్న మనిషికి నిద్ర కరువైతే పొద్దున్నే వచ్చే రీడింగు ఇంకా పెరుగుతుంది. మన దగ్గర దీన్నంతా "వేడి చేసింది" అనే ఒక్క మాటలో చెప్పేస్తారు. సబ్జా గింజలు నానబెట్టి ఇస్తారు, మజ్జిగ తాగమంటారు. రోహిణి కార్తెలో నెల్లూరులో ఎవరికి చెమటలు పట్టవు గనక? అందుకే ఈ బాధ చెప్పుకున్నా ఎవరి చెవికీ ఎక్కదు.

ఇన్సులిన్, ఈస్ట్రోజెన్ రెండూ దాదాపు ఒకే కాలంలో మనిషి చేతికి చిక్కాయి. 1921లో టొరంటోలో ఇన్సులిన్‌ను కనిపెట్టారు. 1929లో అమెరికాలో ఎడ్వర్డ్ డాయిజీ, జర్మనీలో అడాల్ఫ్ బ్యుటెనాంట్ ఎవరికి వారు ఈస్ట్రోజెన్ జాతి హార్మోన్ ఒకదాన్ని వేరు చేశారు. 1942లో ప్రెమారిన్ అనే మాత్రకి అమెరికాలో అనుమతి వచ్చింది. చూలు గుర్రాల మూత్రం నుంచి తీసిన హార్మోన్లతో చేసిన మాత్ర అది. ముప్పై ఏళ్ళపాటు విపరీతంగా అమ్ముడుపోయింది. 1975లో ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడేవాళ్ళలో గర్భసంచి లోపొర క్యాన్సర్ పెరుగుతోందని తేలింది. అప్పటినుంచి గర్భసంచి ఉన్నవాళ్ళకి రక్షణగా ప్రొజెస్టరాన్ జాతి మందు జోడించడం మొదలైంది. గర్భసంచి లేనివాళ్ళకి ఆ రెండో మందు అవసరం లేదు. ఈ తేడా గుర్తుంచుకోండి, మన జిల్లాల్లో దీనితో పెద్ద పని ఉంది.

షుగరు భయానికి తొలి విత్తనం పడింది కూడా ఆ రోజుల్లోనే. అయితే అది పడింది వేరే మాత్ర వల్ల. 1960, 70ల నాటి గర్భనిరోధక మాత్రల్లో హార్మోన్ మోతాదు చాలా ఎక్కువ. వాటితో కొంతమందిలో రక్తంలో గ్లూకోజు పెరిగిన మాట నిజం. ముట్లుడిగాక ఇచ్చే ఈస్ట్రోజెన్ దానితో పోలిస్తే చాలా బలహీనం. కానీ "హార్మోన్ మాత్ర" అన్న పేరు రెండింటికీ ఒకటే కావడంతో భయం కూడా ఒకటే అయిపోయింది.

అసలు దెబ్బ 2002లో పడింది. హార్మోన్లు గుండెని కాపాడతాయన్న నమ్మకంతో అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరిశోధన నడుస్తోంది. గర్భసంచి ఉన్న 16,608 మందిని తీసుకుని కొందరికి రెండు హార్మోన్లున్న మాత్ర, కొందరికి మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చారు. 2002 జులైలో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం, రక్తం గడ్డలు పెరిగాయన్న వార్త ప్రపంచమంతా పాకింది. లెక్క ప్రకారం పెరిగింది ఏడాదికి పదివేల మందిలో 8 రొమ్ము క్యాన్సర్ కేసులు, 7 గుండె జబ్బు కేసులు. చిన్నదే అయినా కొట్టిపారేసేది కాదు. అయితే వార్తల్లో నిలవని సంగతి ఇంకొకటుంది. ఆ ఆడవాళ్ళ సగటు వయసు 63. ఆవిర్లతో డాక్టరు దగ్గరికి వెళ్ళే వయసు కాదది. ఆ దశ దాటి పదేళ్ళు గడిచాక మొదలుపెట్టిన మందు ఫలితాన్ని, నిన్నగాక మొన్న నెలసరి ఆగిన మనిషికి అంటగట్టారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2003లో ఈ మందుల మీద నల్లగీత పెట్టెలో హెచ్చరిక వేయించింది. డాక్టర్లు రాయడం మానేశారు. ఒక తరం వైద్య విద్యార్థులు ఆ భయంతోనే చదువు ముగించారు.

ఆ పరిశోధనలోనే షుగరు గురించి తేలిన విషయం చూడండి. రెండు హార్మోన్లు వాడినవాళ్ళలో కొత్తగా షుగరు రావడం 21 శాతం తగ్గింది. అంతకుముందు గుండె జబ్బున్న ఆడవాళ్ళ మీద జరిగిన హెర్స్ అనే పరిశోధనలోనూ ఇలాగే తగ్గింది. అంటే షుగరుని పెంచుతుందని మన దగ్గర భయపడుతున్న మందు కొత్త షుగరుని కొంత ఆపింది. దీన్ని పట్టుకుని షుగరు తగ్గడానికి హార్మోన్లు వాడమని ఎవరూ చెప్పరు, చెప్పకూడదు కూడా. షుగరున్న మనిషికి గుండె, రక్తనాళాల ముప్పు మామూలుగానే ఎక్కువ, జాగ్రత్త పడాల్సింది అక్కడ. 2015లో బ్రిటన్‌లోని నైస్ సంస్థ తన మార్గదర్శకాల్లో సంగతి సూటిగా రాసింది. హార్మోన్ చికిత్స వల్ల గ్లూకోజు అదుపు సాధారణంగా దెబ్బతినదు, టైప్ 2 షుగరున్నవాళ్ళకి మిగతా జబ్బులు చూసుకుని ఈ చికిత్సని పరిశీలించవచ్చు అని. 2022లో ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ, అరవై లోపు వయసులో గానీ నెలసరి ఆగిన పదేళ్ళలోపు గానీ మొదలుపెడితే, వాడకూడని కారణాలు లేనివాళ్ళకి నష్టం కంటే మేలే ఎక్కువని చెప్పింది. 2025 నవంబరులో ఎఫ్‌డీఏ ఆ నల్లపెట్టె హెచ్చరికల్లో చాలావాటిని తీసేయించే పని మొదలుపెట్టింది. భయం పుట్టిన చోట దాన్ని సవరించుకోవడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది.

ఇక మన నేల మీదికొద్దాం. పాశ్చాత్య దేశాల్లో నెలసరి ఆగే సగటు వయసు 51, మన దేశంలో 46 దగ్గర. అదైనా సహజంగా ఆగితే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద మూడు శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది శాతం. దేశంలో అదే ఎక్కువ. తెల్లబట్ట అనో, రక్తస్రావం అనో, "ఉంచితే క్యాన్సరవుద్ది" అనో తీసేశారు. టంగుటూరు, కొండపి వైపు పొగాకు గ్రేడింగుకి వెళ్ళే ఆడమనిషికి నెలలో నాలుగు రోజుల కూలి పోవడం చిన్న విషయం కాదు. తీసేస్తే పీడ పోతుందని ఆమే ఒప్పుకుంటుంది. అవసరం లేని ఈ ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టులో వ్యాజ్యం నడిచి, కేంద్రం 2022లో తెచ్చిన మార్గదర్శకాలని అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. అప్పటికే కోతలు అయిపోయినవాళ్ళ మాటేమిటి?

గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే నెలసరి మెల్లగా ఆగడం అంటూ ఉండదు. ఒక్క రోజులో ఈస్ట్రోజెన్ పడిపోతుంది. ముప్పై ఏడేళ్ళ మనిషి ఒంట్లోకి యాభై ఏళ్ళ మనిషి బాధలు వస్తాయి. ఎముకలు తొందరగా గుల్లబారతాయి, షుగరు, గుండె జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇలాంటివాళ్ళకి, వాడకూడని కారణం ఏదీ లేకపోతే, సహజంగా ఆగే వయసు దాకా హార్మోన్లు ఇవ్వాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి. వీళ్ళకి ఈస్ట్రోజెన్ ఒక్కటి చాలు. ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన భాగం అమెరికా పరిశోధనలో విడిగా నడిచింది, అందులో 10,739 మంది ఉన్నారు. పక్షవాతం కాస్త పెరిగిందని 2004లో దాన్నీ ఆపారు గానీ, రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. ఏళ్ళ తరబడి గమనిస్తే తగ్గింది కూడా. అంటే మన జిల్లాల్లో గర్భసంచి లేకుండా బతుకుతున్న వేలాది ఆడవాళ్ళకి 2002 నాటి రొమ్ము క్యాన్సర్ భయం అసలు వర్తించదు. ఆ ముక్క వాళ్ళకి చెప్పినవాళ్ళు లేరు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఎముకల మాట వచ్చింది కాబట్టి ఒకటి. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్‌ని మన దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. అప్పట్లో ఆ జిల్లాలోనే ఉన్న కనిగిరి, పొదిలి వైపు నడుము, మోకాళ్ళ నొప్పి అంటే నీళ్ళ మీదకే పోతుంది ఎవరి మనసైనా. ఈస్ట్రోజెన్ లేక ఎముక అరిగే సంగతి ఆ వెనకాల దాగిపోతుంది.

షుగరు వైపు చూస్తే మన జిల్లా వెనకబడిందేం కాదు. షుగరు, గుండె జబ్బులు, పక్షవాతం నివారణకని కేంద్రం 2008లో ప్రయోగాత్మక కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న కొద్ది జిల్లాల్లో నెల్లూరు ఒకటి. ఏఎన్‌ఎంలు ఇంటికొచ్చి వేలు గుచ్చి షుగరు చూడటం ఇక్కడ అందరికీ అలవాటే. కానీ మా పిన్నికి ఇన్నేళ్ళలో జరిగిన ఏ షుగరు పరీక్షలోనూ "నెలసరి ఎప్పుడు ఆగింది?" అని ఎవరూ అడగలేదు. ఆడ డాక్టరు దగ్గరికి వెళ్తే షుగరు డాక్టరుని అడగమన్నారు. షుగరు డాక్టరు దగ్గరికి వెళ్తే మొదట రాసిన మాటే వచ్చింది.

2016 మే నెల. నేను పిన్ని వాళ్ళింట్లో పడుకున్నాను. ఆమెకి అప్పుడు నలభై రెండేళ్ళు, షుగరు వచ్చి రెండేళ్ళు, గర్భసంచి తీసి అయిదేళ్ళు. రాత్రి రెండింటప్పుడు వంటింట్లో డబ్బా మూత చప్పుడైతే లేచి చూశాను. జాకెట్టు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. చేతిలో నిమ్మకాయంత బెల్లం ముక్క.

"ఏంది పిన్నీ ఈ వేళప్పుడు?"

"షుగరు పడిపోయినట్టుండాది పాపా. దడగా ఉండాది. రోజూ ఇంతే."

రోజూ! గ్లూకోమీటరు బీరువాలో ఉంది. గుచ్చి చూస్తే 186. పడిపోవడమంటే 70 కంటే దిగాలి. ఆమెది షుగరు పడటం కాదు, ఈస్ట్రోజెన్ లేక వచ్చే చెమట. రెండిటికీ దడ, చెమట, ఆందోళన ఒకేలా ఉంటాయి, కళ్ళతో చూసి తేడా చెప్పలేం. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్ళకి నిజంగానే పడిపోవచ్చు, కాబట్టి తినొద్దని చెప్పడమూ ప్రమాదమే. చేయాల్సింది ఒకటే. మీటరు, స్ట్రిప్పులు మంచం పక్కనే పెట్టుకుని ముందు గుచ్చి చూడాలి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర తినాలి, అంతకంటే తక్కువ లేదని తేలితే ఫ్యాను కింద కూర్చుని చల్లటి నీళ్ళు తాగితే చాలు. మా పిన్ని ఎన్ని నెలలు అర్ధరాత్రి బెల్లం తిన్నదో లెక్క లేదు. పొద్దున షుగరు తగ్గడం లేదని మాత్రల మోతాదు పెంచుతూ పోయారు.

ఇవాళ షుగరున్న మనిషి హార్మోన్ల గురించి అడిగితే మంచి డాక్టరు ఏం చూస్తారు? రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం, కాళ్ళలో రక్తం గడ్డలు, కాలేయ జబ్బు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నాయా అని అడుగుతారు. ఉంటే సాధారణంగా ఆ దారి మూసినట్టే. బీపీ, కొలెస్ట్రాల్, కిడ్నీ పరీక్షలు చేయిస్తారు, రొమ్ము పరీక్ష చేస్తారు. ఇవ్వదగ్గ మనిషైతే మింగే మాత్ర కంటే చేతికో తొడకో రాసుకునే ఈస్ట్రడయోల్ జెల్ వైపు మొగ్గుతారు. మాత్ర ముందు కాలేయం గుండా పోతుంది, అక్కడ రక్తం గడ్డకట్టే పదార్థాలనీ ట్రైగ్లిజరైడ్లనీ పెంచుతుంది. చర్మం గుండా పోయేదానికి ఆ చిక్కు తక్కువ, షుగరూ బరువూ ఉన్నవాళ్ళకి అది ముఖ్యం. మొదలుపెట్టాక కొన్ని వారాలు షుగరు కాస్త తరచుగా చూసుకోవాలి. నిద్ర కుదురుకుని రీడింగు తగ్గితే మాత్రలు తగ్గించాల్సి రావచ్చు.

హార్మోన్లు కుదరనివాళ్ళకీ మందులున్నాయి. షుగరుతో అరికాళ్ళ మంటలకి వాడే గాబాపెంటిన్ ఆవిర్లనీ తగ్గిస్తుంది.

ఇంకొకటి ఆడవాళ్ళు నోరు విప్పి చెప్పనిది. ఈస్ట్రోజెన్ లేక కింద పొడిబారి మంట, దురద, మాటిమాటికీ మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తాయి. షుగరు అదుపులో లేకపోతే ఫంగస్ తోడవుతుంది. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు మూత్రంలోకి చక్కెర పంపి పనిచేస్తాయి కాబట్టి వాటితోనూ ఫంగస్ రావచ్చు. ఏది ఏదో పరీక్ష చేసి తేల్చాలి. పొడిబారడమే అయితే లోపల రాసుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీము ఉంది. అది రక్తంలోకి చేరేది నామమాత్రం, షుగరుతో దానికి పేచీ లేదు.

పోయిన ఏడాది పిన్నిని నెల్లూరులో ఒక ఆడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పాత కాగితాలు తెమ్మన్నారు. రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం ఉన్న కవర్లోనే 2011 నాటి డిశ్చార్జి కాగితం దొరికింది, మడతల దగ్గర చిరిగిపోయి. గర్భసంచి, రెండు అండాశయాలూ తొలగించినట్టు అందులో ఉంది. పద్నాలుగేళ్ళు అది మా ఇంట్లోనే ఉంది. అప్పుడే మొదలుపెట్టి ఉంటే బాగుండేది, ఇప్పుడు పదేళ్ళు దాటింది, బీపీ కూడా ఉంది, ఒంటికంతటికీ ఇచ్చే హార్మోన్ ఇవ్వను అని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పారు. ఎముకల పరీక్ష రాశారు. వారానికి రెండు రాత్రులు వాడమని క్రీము ఇచ్చారు. మూత్రం మంట మూడో నెలకి తగ్గింది.

పిన్ని తోటికోడలికి నలభై నాలుగు. రెండేళ్ళ కిందట గర్భసంచి తీశారు, నిరుడు షుగరు బయటపడింది, ఈ మధ్యే ఆవిర్లు మొదలయ్యాయి. ఆమె డిశ్చార్జి కాగితం ఫోటో ఇప్పుడు నా ఫోన్లో ఉంది. ఒక అండాశయం ఉంచారట. కొలెస్ట్రాల్ రిపోర్టు రాగానే మంగళవారం ఇద్దరం బస్సెక్కుతున్నాం.