వికెట్ పడితే సర్వర్‌కు టెన్షన్ ఎందుకు?

పెద్ద క్రికెట్ మ్యాచ్ మధ్యలో దాన్ని చూపించే యాప్ ఒక్క నిమిషం ఆగితే చాలు, పాత పంచాయితీ మళ్లీ మొదలవుతుంది. డబ్బులు కట్టించుకుని సర్వర్లు పెంచరేమని ప్రేక్షకులు, ఊహించనంత రద్దీ వచ్చిందని కంపెనీలు. షెడ్యూల్ నెలల ముందే తెలిసిన మ్యాచ్‌కు ఊహించని రద్దీ అంటే నమ్మబుద్ధి కాదు. అలాగని సర్వర్లు పెంచితే అన్నీ సర్దుకుంటాయన్నదీ సగం నిజమే. ఆ రాత్రి డ్యూటీలో ఉండి, క్లౌడ్‌లో (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు తీసుకునే సర్వర్లలో) యాప్‌ను నడిపే ఇంజినీర్ల మాట వేరు.

డేటా చౌకై క్రికెట్ ఫోన్లలోకి ఎలా వచ్చిందో అందరికీ తెలిసిందే. అసలు మలుపు 2019 జూలై 10. మాంచెస్టర్‌లో న్యూజిలాండ్‌తో వరల్డ్ కప్ సెమీఫైనల్, వాన వల్ల రెండో రోజుకు జరిగిన ఆట. ఆ రోజు హాట్‌స్టార్‌లో గరిష్ఠంగా ఒకేసారి 2.53 కోట్ల మంది ఉన్నారు. 49వ ఓవర్లో గప్తిల్ విసిరిన బంతి నేరుగా వికెట్లకు తగిలింది. ధోనీ రనౌట్. దేశమంతా బ్యాక్ బటన్ నొక్కింది.

చిక్కంతా ఆ బటన్ దగ్గరే ఉంది. మ్యాచ్ చూస్తున్నంతసేపూ వీడియో బరువు సీడీఎన్ సర్వర్లే, అంటే ప్రేక్షకులకు దగ్గర్లో వీడియో కాపీలు ఉంచి పంపే సర్వర్లే, మోస్తాయి. బ్యాక్ నొక్కగానే హోమ్ పేజీ తెరుచుకోవాలి. చూసేది ఎవరు, సబ్‌స్క్రిప్షన్ ఉందా, సగంలో ఆపిన సినిమా ఏది, ఇంకేం చూపించాలి? ఈ ప్రశ్నలన్నీ ఒక్కసారిగా కంపెనీ సొంత సర్వర్ల మీద పడతాయి. మ్యాచ్ చూసేవాళ్ల గ్రాఫ్ పడిపోతుంటే హోమ్ పేజీ గ్రాఫ్ ఎగబాకుతుంది. జనం తగ్గారు కదా అని అప్పుడు మెషీన్లు తీసేస్తే అంతే సంగతులు.

రద్దీని బట్టి మెషీన్లను తనంతట తానే పెంచి తగ్గించే ఆటోస్కేలింగ్ క్లౌడ్‌లో రెడీమేడ్‌గా దొరుకుతుంది. దాన్ని హాట్‌స్టార్ ఇంజినీర్లు నమ్ముకోలేదని వాళ్లే తర్వాత బహిరంగంగా వివరించారు. కొత్త మెషీన్ లేచి, అప్లికేషన్ సిద్ధమయ్యేసరికి నిమిషాలు పడుతుంది. టాస్ వేళ వచ్చిపడే జనం అంతసేపు ఆగరు. అందుకే ఒకేసారి ఎంతమంది చూస్తున్నారన్న లెక్కతో, ముందే మెషీన్లు పెంచే పద్ధతిని సొంతంగా రాసుకున్నారు. ఎంత రద్దీని తట్టుకుంటుందో ముందే పరీక్షించడానికి, 'హల్క్' పేరుతో వేల మెషీన్లు పెట్టి తమ యాప్ మీద తామే దాడి చేసుకున్నారు. పరిస్థితి చెయ్యి దాటేలా ఉంటే సిఫార్సుల లాంటివి ఆపేసి వీడియోను కాపాడుకునే 'ప్యానిక్ మోడ్' కూడా ఉంది.

2022 నవంబరులో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ తొలి రాత్రి జియోసినిమా బఫరింగ్‌తో సతాయించింది. యాప్ అప్‌డేట్ చేసుకోమని కంపెనీ సలహా ఇచ్చింది! అదే జియోసినిమా ఆరు నెలలకే ఐపీఎల్ ఫైనల్లో ఒకేసారి 3.2 కోట్ల మందిని మోసింది. 2023 నవంబరులో, భారత్-ఆస్ట్రేలియా వరల్డ్ కప్ ఫైనల్‌కు హాట్‌స్టార్ లెక్క 5.9 కోట్లు. ఇప్పుడు రెండూ ఒకే గూటిలో జియోహాట్‌స్టార్‌గా ఉన్నాయి, ఐపీఎల్ ఉచితమూ కాదు. 2023 నుంచి ఐదేళ్ల ఐపీఎల్ డిజిటల్ హక్కులకు, అప్పట్లో జియోసినిమాను నడిపిన వయాకామ్18 పెట్టింది 23,758 కోట్ల రూపాయలని ఊరందరికీ తెలుసు. యాప్ ఆగిన రాత్రి ఏ భాగం ఆగిందో, ఎందుకు ఆగిందో మాత్రం డబ్బు కట్టినవాళ్లకు చెప్పే కంపెనీలు తక్కువ.