రీసెట్ లైన్ ఎవరి నోడ్‌లో రాయాలి? డివైస్ ట్రీలో అపోహలు - వాస్తవాలు

డివైస్ ట్రీ అంటే బోర్డులో ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నల్‌కి చెప్పే వివరణ, అందులో ఒక్కో భాగానికి ఒక నోడ్. రీసెట్ లైన్ వేసి ఉన్నంతసేపు ఆ భాగం పనిచేయదు, వదిలితేనే నడుస్తుంది.

అపోహ: రీసెట్ కంట్రోలర్ అంటే విడిగా ఒక చిప్.

చాలా ఎస్ఓసీల్లో (ప్రాసెసర్, మిగతా బ్లాకులు కలిసి ఉన్న చిప్‌లలో) అది క్లాక్ బ్లాక్‌లోనే ఉండే కొన్ని రిజిస్టర్ బిట్లు. ఆల్‌విన్నర్ హెచ్3 చూడండి. సీసీయూ (క్లాక్ కంట్రోల్ యూనిట్) నోడ్‌లోనే #క్లాక్-సెల్స్, #రీసెట్-సెల్స్ రెండూ, రెండింటి విలువా 1, అంటే ఒక్కో లైన్‌ని చెప్పడానికి ఒక్క నంబరు చాలు. యూఆర్ట్ (సీరియల్ పోర్ట్) నోడ్ ఆ సీసీయూను చూపించి పక్కన ఒక నంబరు ఇస్తుంది, అంతే. ఆ నంబరు ఏ బిట్టో తెలిసింది సీసీయూ డ్రైవర్‌కే.

అపోహ: బూట్‌లోడర్ ఎలాగూ రీసెట్ వదిలేసింది, మనం రాయక్కర్లేదు.

కన్సోల్ యూఆర్ట్‌కి నడిచిపోతుంది. బూట్‌లోడర్ ముట్టుకోని రెండో యూఆర్ట్ దగ్గర మాత్రం డ్రైవర్ ఎంత రాసినా ఉలుకూ పలుకూ ఉండదు.

అపోహ: లైన్ ఏ చిప్‌కి వెళ్తే ఆ నోడ్‌లో రాసేయడమే.

నేనూ అలాగే రాశాను. ఒక బోర్డులో జీపీఐఓ లైన్ (సాఫ్ట్‌వేర్ పైకీ కిందకీ మార్చగల పిన్) టచ్ చిప్ రీసెట్ పిన్‌కి వెళ్తోంది, టచ్ నోడ్‌లో రీసెట్-జీపీఐఓస్ పెట్టేశాను. టచ్ డ్రైవర్ మాడ్యూల్ తీసి మళ్లీ వేసినప్పుడల్లా నెట్‌వర్క్ లింక్ పడిపోయేది. రెండు రోజులు కేబుళ్లు మార్చి, స్విచ్‌ని తిట్టుకున్నాక స్కీమాటిక్ తర్వాతి పేజీ తిప్పితే, అదే లైన్ ఈథర్నెట్ ఫై చిప్‌కీ (నెట్‌వర్క్ కేబుల్ వైపు సిగ్నల్ చూసేది) వెళ్తోంది! చివరికి టచ్ నోడ్‌లోంచి తీసేసి, ఆ లైన్‌ని జీపీఐఓ హాగ్‌తో (డ్రైవర్ ఏదీ లేకుండా కెర్నలే పిన్‌ని ఒక స్థాయిలో పట్టే ఏర్పాటు) పైకి పట్టి ఉంచాను.

కెర్నల్ బైండింగ్ డాక్యుమెంట్ (నోడ్‌లో ఏది ఎలా రాయాలో చెప్పేది) కూడా ఇదే అంటుంది: ఎక్కడి నుంచి కంట్రోల్ చేస్తే అర్థవంతమో అక్కడ రాయండి. బస్ కింద ఉన్నవాటన్నిటికీ ఒకే రీసెట్ అయితే బస్ నోడ్‌లో రాయొచ్చు. తగిలే ప్రతి బ్లాక్‌లోనూ జాబితాలా రాసుకుంటూ పోకూడదు.

అపోహ: షేర్డ్ రీసెట్ (ఒకే లైన్‌ని పలు డ్రైవర్లు పంచుకోవడం) తీసుకుంటే గొడవే ఉండదు.

ఉంటుంది, ఇంకో రకంగా. షేర్డ్‌లో కెర్నల్ లెక్క పెట్టుకుంటుంది. లైన్‌ని వాడుతున్న డ్రైవర్లలో చివరిది కూడా అసర్ట్ (రీసెట్ వేయి) అనేదాకా లైన్ రీసెట్‌లోకి వెళ్లదు. మీ డ్రైవర్ అసర్ట్ అన్నా బ్లాక్ పాత స్థితిలోనే ఉండొచ్చు.

అపోహ: రీసెట్ పిన్ యాక్టివ్ లో (వోల్టేజ్ కిందకు పోతే రీసెట్ పడేది) కాబట్టి డ్రైవర్‌లో 0 రాయాలి.

డివైస్ ట్రీలో యాక్టివ్ లో ఫ్లాగ్ ఉంటే, కెర్నల్ జీపీఐఓడీ ఫంక్షన్లలో 1 అంటేనే రీసెట్ వేయడం. పిన్ మీద వోల్టేజ్‌ని తిప్పే పని కెర్నల్‌ది. ఫ్లాగ్ తప్పు, డ్రైవరూ తప్పు అయి, రెండూ కలిసి చక్కగా నడుస్తున్న బోర్డులు నేను చూశాను. అలాంటి చోట ఒక్కదాన్నే సరిదిద్దితే చిప్ రీసెట్‌లోనే కూర్చుంటుంది.