రామగుండం టర్బైన్‌తో సమంగా తిరిగే చేపల తొట్టి మోటారు

"పాత ఫిల్టర్ పదిహేనేళ్లు తిరిగింది, కొత్తది రెండేళ్లకే పోయింది." హన్మకొండలోనైనా కరీంనగర్‌లోనైనా చేపలు పెంచేవాళ్లు నలుగురు కలిస్తే ఈ మాట రాకుండా ఉండదు. ఇందులో నిజం ఉంది, కానీ అనుకున్నంత లేదు. ఉన్న నిజం ఎక్కడుందో తెలియాలంటే ఫిల్టర్‌ను విప్పి చూడాలి.

తొట్టి కింద పెట్టే పాతకాలపు డబ్బా ఫిల్టర్‌నే తీసుకుందాం. పైభాగాన్ని ఊడదీసి బోర్లిస్తే చిన్న మూత కనిపిస్తుంది. అది తీస్తే లోపల వేలెడంత రోటర్ ఉంటుంది. నల్లటి అయస్కాంతపు దిమ్మ, దాని కొసన ప్లాస్టిక్ రెక్కలు, నడుమ నుంచి పోయే తెల్లటి పింగాణీ కడ్డీ, అంతే. బయటికి లాగుతుంటే లోపలి నుంచి ఎవరో పట్టుకున్నట్టు బిగువు తెలుస్తుంది. రాగి చుట్ట మధ్యనున్న ఇనుప రేకులు అయస్కాంతాన్ని అంత తేలిగ్గా వదలవు. వేలితో తిప్పితే నునుపుగా తిరగదు, ప్రతి అరచుట్టుకూ ఒకచోట కుదురుకుంటుంది. మొత్తం యంత్రంలో కదిలే వస్తువు ఇదొక్కటే. రాగి చుట్ట గోడకు అవతల రెసిన్‌లో పోతపోసి ఉంటుంది కాబట్టి దానికి తడి తగలదు. కార్బన్ బ్రష్షులు లేవు, నూనె వేసే బేరింగులూ లేవు. రోటర్ చుట్టూ ఉన్న నీళ్లే దానికి కందెన, వాటితోనే అది చల్లబడుతుంది.

ఇది సింక్రనస్ మోటారు. మన కరెంటు సెకనుకు 50 సార్లు దిశ మార్చుకుని మళ్లీ మొదటికి వస్తుంది. రెండు ధ్రువాలున్న అయస్కాంతం దాని అడుగులో అడుగు వేస్తూ సెకనుకు 50 చుట్లు, నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. రామగుండం ఎన్టీపీసీలోనూ, భూపాలపల్లి దగ్గర చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రంలోనూ ఆవిరి టర్బైన్లు తిరిగే వేగం కూడా సరిగ్గా ఇదే. వేగం ఒకటే కావడమే కాదు, తీగల ద్వారా అవి ఒకదానికొకటి బిగిసి ఉంటాయి. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఆ 50 సార్ల లెక్క) 49.9కి జారితే టర్బైనూ జారుతుంది, తొట్టిలోని రోటరూ జారుతుంది. 2013 డిసెంబర్ 31న రాయచూరు-షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశపు గ్రిడ్‌తో కలిసింది. అప్పటి నుంచి కాజీపేటలో గప్పీ చేపల తొట్టిలోని వేలెడంత రోటర్, దేశంలోని పెద్ద జనరేటర్లన్నిటితో ఒకే లయలో తిరుగుతోంది. ఈ సంగతి తెలిశాక ఆ సన్నటి గుర్రుమనే చప్పుడు విసుగనిపించదు నాకు.

నిమిషానికి 3000 చుట్లంటే రోజుకు 43 లక్షల 20 వేలు, ఏడాదికి దాదాపు 158 కోట్లు. ఇన్ని తిరిగినా అరిగేది పింగాణీ కడ్డీ, దానిమీద తిరిగే రంధ్రం, ఈ రెండే. పింగాణీ చాలా గట్టిది. రోటర్‌లోని ఆ నల్లటి ఫెరైట్ అయస్కాంతం కూడా ఇనుప ఆక్సైడుతో చేసిన ఒక రకం పింగాణీయే. అది ముందే ఆక్సైడు కాబట్టి ఇక తుప్పు పట్టడానికి ఏమీ మిగలదు. పాత ఫిల్టర్ల దీర్ఘాయువుకు అసలు కారణం ఇది. అప్పటి మనుషులు మంచివాళ్లని, ఇప్పటి కంపెనీలు మోసగాళ్లని చెప్పుకోవడం తేలికే గానీ, కారణం పదార్థంలోనే కనిపిస్తోంది.

ఈ మోటారుకు లోపాలూ ఉన్నాయి. ఒంటి ఫేజు మీద నడిచే ఈ రోటర్ కరెంటు రాగానే ఎటువైపైనా తిరగడం మొదలుపెట్టగలదు. అందుకే దాని రెక్కలను వంపు లేకుండా తిన్నగా చేస్తారు, ఎటు తిరిగినా నీళ్లు తోయాలి కదా. తిన్నటి రెక్కలు కొంత శక్తిని వృథా చేస్తాయి. వేగం తగ్గించడం, పెంచడం కుదరదు. చప్పుడు కూడా కాస్త ఎక్కువే.

అడాప్టర్‌తో నడిచే కొత్త డీసీ పంపులు ఈ లోపాలన్నీ సరిదిద్దాయి. ఎలక్ట్రానిక్ సర్క్యూట్ రోటర్‌ను ఒకే దిశలో తిప్పుతుంది కాబట్టి రెక్కలకు వంపు పెట్టవచ్చు. వేగం మార్చవచ్చు, కరెంటు తక్కువ తాగుతుంది. యంత్రంగా చూస్తే ఇవి మెరుగైనవే. అయితే ఆయుష్షును నిర్ణయించేది ఇప్పుడు రోటర్ కాదు, అడాప్టరులో కరెంటును కాసేపు నిల్వ ఉంచే చిన్న భాగం, ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్. దానిలోని ద్రవం ఏళ్ల తరబడి మెల్లగా ఆవిరైపోతుంది. ఇంజినీర్లు వాడే మోటు లెక్క ప్రకారం వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని జీవితం సగమవుతుంది. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని రాసున్న కెపాసిటర్ 45 డిగ్రీల దగ్గర లక్షా 28 వేల గంటలు, అంటే పద్నాలుగున్నర ఏళ్లు రావాలి. 65 డిగ్రీల దగ్గరైతే 32 వేల గంటలే. రాత్రింబవళ్లు నడిచే ఫిల్టర్‌కు అది మూడున్నరేళ్లు. మే నెలలో వరంగల్‌లో గది 38 డిగ్రీలుంటే, తొట్టి వెనక గోడకు ఆనించిన గాలాడని అడాప్టర్ లోపల 65 డిగ్రీలు కావడం వింతేమీ కాదు. అడాప్టరును గాలి తగిలే చోటికి మార్చడమంత చౌకైన మరమ్మతు మరొకటి లేదు.

కొన్ని చిన్న పంపుల్లో ఫెరైట్ బదులు నియోడిమియం అయస్కాంతాలు వాడుతున్నారు. బలం ఎక్కువ, పరిమాణం తక్కువ. కానీ అందులో ఇనుము లోహరూపంలో ఉంటుంది. పైపూత పగిలి నీళ్లు తగిలితే తుప్పు పట్టి ఉబ్బుతుంది, రోటర్ గూట్లో ఇరుక్కుపోతుంది.

పాతవి గట్టివనే నమ్మకంలో ఒక లెక్కతప్పు కూడా దాగి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలో పనిచేసిన గణాంక శాస్త్రవేత్త అబ్రహాం వాల్డ్, యుద్ధం నుంచి తిరిగొచ్చిన విమానాల మీది తూటా దెబ్బలను బట్టి తిరిగిరాని విమానాల సంగతి అంచనా వేసే పద్ధతి కట్టాడు. చూడాల్సింది కళ్లెదుట లేనివాటిని అన్నది దాని సారం. (ఆయన 1950లో ఉపన్యాసాల కోసం మన దేశానికి వచ్చి నీలగిరి కొండల్లో విమాన ప్రమాదంలో చనిపోయాడు.) ఇరవయ్యేళ్ల కింద కొన్న ఫిల్టర్లలో ఈరోజు కనిపించేవి బతికి బట్టకట్టినవే. రెండేళ్లకు, మూడేళ్లకు పోయినవి ఎప్పుడో పాత సామాన్ల బండెక్కాయి. వాటిని ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఆ లెక్కను పక్కనపెట్టినా నిలబడే తేడా ఒకటుంది, విడిభాగాలు. జర్మనీ కంపెనీ ఎహైమ్ 'క్లాసిక్' ఫిల్టర్ల రూపం దశాబ్దాలుగా పెద్దగా మారలేదు. రోటర్, కడ్డీ, రబ్బరు రింగు విడిగా దొరుకుతాయి. అరిగేది మార్చుకోగలిగితే అరగనిది ఎన్నేళ్లైనా ఉంటుంది. మన పల్లెల్లో బాయికాడి మోటరు కాలితే దాన్ని పారేసేవాళ్లు లేరు, వైండింగ్ షాపుకు పోతుంది. తొట్టి మోటారుకు ఆ దారి లేదు. రెసిన్‌లో పోసిన చుట్టను మళ్లీ చుట్టలేం. నీటి నుంచి దాన్ని కాపాడే ఆ రెసినే మరమ్మతుకు అడ్డం. కాబట్టి చుట్ట బయట ఉన్నవన్నీ విడిగా దొరకడం మరీ ముఖ్యం.

ఇక మన నీళ్ల సంగతి. గ్రానైట్ బండల పగుళ్లలోంచి వచ్చే బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ. గీజరులో పేరుకునే తెల్లటి పెచ్చే పింగాణీ కడ్డీ మీదా కడుతుంది. కడ్డీకీ రంధ్రానికీ మధ్య సందు తగ్గి రోటర్ కటకటలాడుతుంది, ఓసారి కరెంటు పోయి వచ్చాక అసలు కదలదు. చాలామంది మోటారు కాలిపోయిందనుకుని పారేసేది ఇక్కడే. రోటరూ కడ్డీ తీసి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో ఒక గంట నానేసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, బాగా కడిగి పెడితే చాలావరకు మళ్లీ తిరుగుతుంది. ఎండాకాలంలో ఇంకో గండం ఉంది. తొట్టి నీళ్లు ఆవిరై మట్టం దిగితే, అంచుకు తగిలించే ఫిల్టర్ గాలి పీల్చుకుంటూ ఎండుగా తిరుగుతుంది. కందెన లేదు, చల్లదనం లేదు. ఏళ్ల అరుగుదల ఒక్క మధ్యాహ్నంలో జరిగిపోతుంది. సెలవులకు ఊరెళ్లేముందు తొట్టి నిండుగా నింపి వెళ్లాలి.

ఇక స్పాంజి ఫిల్టర్‌లో అయితే నీళ్లలో తిరిగే భాగమే లేదు. గాలి బుడగలు పైకిపోతూ నీళ్లను లాగుతాయి. బయటి ఎయిర్ పంపులో సెకనుకు 50 సార్లు ఊగే రబ్బరు పొర చిరిగితే, అదొక్కటి మార్చుకుంటే సరి. చిన్న తొట్టికి నా ఓటు ఇప్పటికీ దీనికే.

ఇంతకీ ఫిల్టర్‌లో నిజంగా విలువైనది మోటారు కాదు, స్పాంజిలో బతికే బ్యాక్టీరియా. చేపలు వదిలే అమోనియాను అవి నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండు పనులు వేర్వేరు జీవులవని వందేళ్లకు పైగా అనుకున్నాం. 2015లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు చేపల పెంపకం వ్యవస్థకు అమర్చిన ఫిల్టర్‌లోంచే, రెండు పనులూ ఒక్కటే చేయగల నైట్రోస్పైరా అనే బ్యాక్టీరియా రకాన్ని కనిపెట్టారు. కొత్త తొట్టిలో ఈ జీవులు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నెలనెలా పారేసే కార్ట్రిడ్జి ఫిల్టర్లలో నాకు నచ్చనిది ఇదే. ప్లాస్టిక్ చెత్తతో పాటు ఆ జీవులనూ పారేస్తున్నాం. స్పాంజిని క్లోరిన్ ఉన్న నల్లా నీళ్ల కింద కడిగినా నష్టం అదే. తొట్టిలోంచి తీసిన నీళ్లలో పిండితే చాలు. పాత మోటారు ఆగిపోయి కొత్త ఫిల్టర్ తెచ్చుకున్నప్పుడు పాత స్పాంజిని అందులో ఇరికించినా, పక్కన వేలాడదీసినా ఆ బ్యాక్టీరియా కొత్తదానికి పాకుతాయి. నెల రోజులు రెండూ కలిసి ఉండనివ్వాలి.

కొనేటప్పుడు షాపులో వారంటీ ఎన్నేళ్లని అడుగుతాం. దానికంటే ముందు రోటర్ విడిగా దొరుకుతుందా అని అడగండి. దొరకదంటే వేరేది చూపించమనండి.