బ్యాటరీ మీద కిలోమీటర్లు ఎందుకు రాయరు?

పిల్లలకు ఆశీస్సులు.

మీలో ఒకరు అడిగిన ప్రశ్న నాకెంతో నచ్చింది: "ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీ మీద 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు అని రాశారు కదా, ఎన్ని కిలోమీటర్లు పోతుందో ఎందుకు రాయలేదు?"

మేడ మీది నీళ్ల ట్యాంకును తలచుకోండి. అది ఎంత ఎత్తున ఉందో వోల్టులు చెబుతాయనీ, అందులో ఎన్ని నీళ్లు పడతాయో ఆంపియర్ అవర్లు చెబుతాయనీ అనుకోండి. ఎత్తున ఉన్న చిన్న ట్యాంకు, దిగువనున్న పెద్ద ట్యాంకు చేసేంత పనీ చేయగలదు కాబట్టి, ఒక్క అంకెను చూసి తేల్చకుండా రెండింటినీ గుణించాలి. 36ను 10తో గుణిస్తే 360 వాట్ అవర్లు, అంటే బ్యాటరీలో నిలువ ఉండే మొత్తం శక్తి. 48 వోల్టులు, 7.5 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేదీ అంతే శక్తి. ట్యాంకును అడుగంటా తోడకుండా ఐదో వంతు మిగల్చడం మంచిది. ఏళ్లు గడిచేకొద్దీ అడుగున మట్టి పేరుకుని నీళ్లు పట్టే చోటు తగ్గినట్టు, కొన్ని వందల చార్జింగుల తరువాత బ్యాటరీ కూడా మునుపటంత శక్తిని నిలుపుకోలేదు. చలిలోనైతే ఉన్న నీళ్లు కూడా కుళాయి నుంచి పూర్తిగా రానట్టే అవుతుంది.

ఇక ఖర్చు సంగతి. ఇది దారిని, వేగాన్ని, గాలిని బట్టి మారుతుంది, అందుకే బ్యాటరీ మీద కిలోమీటర్లు రాయరు. చదునైన రోడ్డు మీద, తొక్కకుండా, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతే కిలోమీటరుకు సుమారు 12 వాట్ అవర్లు అనుకుని లెక్క మొదలుపెట్టండి. మీరు కూడా తొక్కితే ఏడెనిమిదికి దిగవచ్చు. 360లో ఐదో వంతు పక్కన పెడితే 288. దాన్ని 12తో భాగిస్తే 24 కిలోమీటర్లు. రానూపోనూ 40 కిలోమీటర్లు కావాలంటే వెనుక నుంచి రండి: 40ని 12తో గుణిస్తే 480, అది మొత్తంలో ఐదింట నాలుగు వంతులే కాబట్టి, మిగల్చవలసిన ఐదో వంతు కూడా కలిపితే 600 వాట్ అవర్లు. అంటే 48 వోల్టుల బ్యాటరీ అయితే 12.5 ఆంపియర్ అవర్లు ఉండాలి.

నా చిన్నతనంలో సైకిల్ దీపానికి డైనమో ఉండేది. వెనుక టైరుకు ఆనించగానే అది గుర్రుమంటూ తిరిగేది, పెడల్ బరువెక్కేది. ఆ చిన్న బల్బుకు కావలసింది 3 వాట్లే, అయినా కాళ్లకు తెలిసేది. మోటారు 150, 200 వాట్లను చడీచప్పుడు లేకుండా ఇస్తూ పోవడం చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఇంకా పెద్ద ఆశ్చర్యం గాలి. వేగం 20 నుంచి 30కి పెరిగితే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు అవుతుంది! అందుకే తొందరపడేవారి బ్యాటరీ త్వరగా ఖాళీ అవుతుంది. ఎదురుగాలి తోడైతే చెప్పనక్కరలేదు.

ఎత్తు సంగతి కూడా మరువకండి. మనిషీ, సైకిలూ కలిసి 100 కిలోలైతే, 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికి 27 వాట్ అవర్లు కావాలి. మోటారులో వేడిగా పోయేది కలుపుకుంటే 35 దాకా అవుతుంది. అది చదును దారిలో దాదాపు మూడు కిలోమీటర్ల ఖర్చు. అలాగని భయపడి అన్నింటికన్నా పెద్ద బ్యాటరీనే కోరుకోకండి. అవసరానికి మించిన బరువును రోజూ మోసుకు తిరగడం ఎందుకు? మీ కాళ్లు కూడా కొంత పని చేయనివ్వండి.

కొనే ముందు ఒకసారి మీ మామూలు సైకిల్ మీద ఆ దారిలో వెళ్లి రండి. ఎక్కడ తొక్కడం ఆపినా సైకిల్ సాగిపోతోందో, ఎక్కడ లేచి నిలబడి తొక్కవలసి వస్తోందో, తిరుగు ప్రయాణంలో గాలి ఏ వైపు నుంచి వీస్తోందో కాగితం మీద రాసుకుని నాకు పంపండి. అప్పుడు 12 అనే అంకెను మీ దారికి తగినట్టు కలిసి సరిదిద్దుకుందాం.

మీ తాతయ్య