కీమో మొదటి రోజుల్లో బొండం నీళ్లు ఎందుకు వద్దంటారు

చిరంజీవులకు ఆశీస్సులు.

మన కోనసీమలో ఒంట్లో నలతగా ఉన్న మనిషికి ముందు చేతికిచ్చేది కొబ్బరి బొండం. చూడ్డానికి వచ్చేవాళ్లు పట్టుకొచ్చేది అరటిపళ్లు. రెండూ ప్రేమతో ఇచ్చేవే. కానీ రక్త క్యాన్సరుకో (లుకేమియా), లింఫ్ గ్రంథుల క్యాన్సరుకో (లింఫోమా) మొదటి కీమో పడిన వారం రోజులు ఆ రెండూ మంచం దాపులకు రాకూడదు. ఆసుపత్రిలో తోడుండేది ఎక్కువగా మీరే కాబట్టి, ఎందుకో వివరంగా రాస్తున్నాను.

క్యాన్సర్ కణం చచ్చిపోతే పగులుతుంది. లోపలున్న పొటాషియం, ఫాస్ఫరస్ రక్తంలోకి వచ్చేస్తాయి. దాని డీఎన్ఏ విరిగి చివరకు యూరిక్ యాసిడ్ అవుతుంది. కొద్దికొద్దిగా వస్తే కిడ్నీలు బయటికి పంపేస్తాయి. మందు గట్టిగా పనిచేసి కోట్లకొద్దీ కణాలు ఒక్కసారే పగిలాయనుకోండి, తుఫాను వానకి గుర్రపుడెక్క పట్టిన మురుగు కాలువకు పట్టే గతే కిడ్నీలకూ పడుతుంది. యూరిక్ యాసిడ్ పలుకులు కట్టి కిడ్నీలోని సన్నటి గొట్టాలను మూసేస్తుంది. ఫాస్ఫరస్ కాల్షియంతో కలిసి గడ్డకడుతుంది, దాంతో రక్తంలో కాల్షియం పడిపోతుంది. బయటికి పోయే దారి లేని పొటాషియం గుండె లయను చెడగొడుతుంది. దీన్నే ట్యూమర్ లైసిస్ సిండ్రోమ్ అంటారు. రోగం ముదిరి వచ్చింది కాదు, మందు పనిచేయబట్టి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ ముక్క ముందే చెప్పి ఉంచండి. లేకపోతే "కీమో పడలేదు, ఇంటికి తీసుకుపోదాం" అంటారు.

చాలా వేగంగా పెరిగే బర్కిట్ లింఫోమాలో, తెల్లకణాలు లక్ష దాటిన లుకేమియాలో ఈ ముప్పు ఎక్కువ. గట్టి గడ్డల క్యాన్సర్లలో అరుదు. సాధారణంగా కీమో మొదలైన 12 గంటల నుంచి 72 గంటల లోపు బయటపడుతుంది. ఒక్కోసారి కీమో పడకముందే రావచ్చు. ఊళ్లో మెడ బిళ్లలు వాచాయనో జ్వరం తగ్గట్లేదనో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించేస్తుంటారు. లింఫోమా, లుకేమియా కణాలను ఒక్క స్టెరాయిడే చంపగలదు. అప్పుడు ఏ రక్షణా లేకుండా, ఇంట్లోనే ఈ ప్రమాదం ముంచుకొస్తుంది. పైగా రోగనిర్ధారణా తారుమారవుతుంది. బిళ్లలు తగ్గకపోతే ముక్క పరీక్ష (బయాప్సీ) అయ్యేదాకా స్టెరాయిడ్ వద్దని గట్టిగా చెప్పండి.

నివారణలో అన్నిటికన్నా ముఖ్యం నీరు. గుండె, కిడ్నీ తట్టుకుంటాయనుకుంటే శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు రోజుకు 2 నుంచి 3 లీటర్ల సెలైన్ ఎక్కిస్తారు. 60 కిలోల మనిషికి అది 3 నుంచి 5 లీటర్ల దాకా అవుతుంది. అందులో పొటాషియం కలపరు. మాటిమాటికీ బాత్‌రూమ్‌కి లేవలేకపోతున్నారని జాలిపడి డ్రిప్ చక్రం తిప్పి సన్నం చేసేవాళ్లుంటారు. ఆ పని మాత్రం చేయకండి. మూత్రం కొలత గీతలున్న జగ్గులో పట్టి, టైమూ మిల్లీలీటర్లూ పుస్తకంలో రాయండి, రాత్రి పూట కూడా. ఆ 60 కిలోల మనిషికి గంటకు 130 నుంచి 160 మి.లీ. రావాలి. వరసగా రెండు మూడు గంటలు బాగా తగ్గితే తెల్లారేదాకా ఆగకుండా నర్సును లేపండి.

ఒక బొండంలో అరగ్రాముకు అటూఇటూగా పొటాషియం ఉంటుంది. ఓ మోస్తరు అరటిపండులో 400 మి.గ్రా. దాకా ఉంటుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లోనూ పొటాషియం కలుపుతారు, అదీ వద్దు. దాహానికి మామూలు మంచినీళ్లు చాలు. ఒళ్లు నొప్పులన్నారని మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొనకండి, అవి కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి.

ముప్పు ఎక్కువున్నవాళ్లకు 6 నుంచి 8 గంటలకోసారి రక్తం తీస్తారు. "ఉన్న రక్తమంతా లాగేస్తున్నారు" అని విసుక్కోకండి. పొటాషియం 6, యూరిక్ యాసిడ్ 8, ఫాస్ఫరస్ పెద్దవాళ్లలో 4.5, పిల్లల్లో 6.5 చేరినా, కాల్షియం 7కి పడినా లెక్కలోకి వస్తుంది. వీటిలో రెండు కలిస్తే పరీక్షల ప్రకారం ఇది మొదలైనట్టే. మూతి చుట్టూ తిమ్మిరి, వేళ్లు కొంకర్లు పోవడం, పిక్కలు పట్టేయడం కాల్షియం తగ్గిన గుర్తులు. గుండె దడ, విపరీతమైన నీరసం, ఫిట్స్ కనబడితే క్షణం ఆగకూడదు. కాల్షియం తక్కువుంది కదా, ఎక్కించరేమని డాక్టరుతో గొడవపడొద్దు. లక్షణాలేమీ లేనప్పుడు ఎక్కిస్తే అది ఫాస్ఫరస్‌తో కలిసి కిడ్నీలోనే పేరుకుంటుంది. ఏ మందుకూ లొంగకపోతే డయాలసిస్ చేస్తారు. చాలామందికి అది కొన్నాళ్లే, జీవితాంతం కాదు.

మందుల్లో అల్లోప్యూరినాల్ మామూలుగా పెద్దలకు రోజుకు 300 మి.గ్రా., కిడ్నీ బలహీనంగా ఉంటే తక్కువ. కీమోకు ఒకటి రెండు రోజుల ముందే మొదలుపెట్టాలి, ఎందుకంటే అది కొత్త యూరిక్ యాసిడ్‌ను ఆపుతుందే తప్ప ఉన్నదాన్ని తీయలేదు. ఉన్నదాన్ని కరిగించేది రాస్బురికేస్ ఇంజెక్షన్. ఎర్రకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లలో అది ఎర్రకణాలను పగలగొడుతుంది కనుక ముందు ఆ పరీక్ష అయిందా అని అడగండి. ఈ ఇంజెక్షన్ పడ్డాక శాంపిల్ మీరే ల్యాబుకు మోసుకెళ్లాల్సి వస్తే ఐసులో పెట్టి తీసుకెళ్లండి. బయట వేడికి ట్యూబులోనూ మందు పనిచేస్తూ పోయి, యూరిక్ యాసిడ్ అబద్ధంగా తక్కువ చూపిస్తుంది.

మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన పరిశోధన నుంచే అమినోప్టెరిన్ అనే కీమో మందు వచ్చింది. దాంతోనే 1948లో అమెరికా డాక్టరు సిడ్నీ ఫార్బర్ పిల్లల లుకేమియా కొంతకాలమైనా వెనక్కి తగ్గుతుందని చూపించారు. ఇంత బలమైన మందులు చేతికొచ్చాయి కాబట్టే ఈ జాగ్రత్తలన్నీ. అల్లోప్యూరినాల్‌నూ, లుకేమియాలో వాడే 6-మెర్కాప్టోప్యూరిన్‌నూ తయారుచేసిన గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌లకు 1988లో నోబెల్ వచ్చింది. ఈ రెండు మందులూ కలిస్తే మాత్రం రెండోది ఒంట్లో విరగక పేరుకుపోయి రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గించేస్తుంది. దాని మోతాదు మూడో వంతుకో నాలుగో వంతుకో దించాలి. డిశ్చార్జి చీటీలో రెండు పేర్లూ కనబడితే మోతాదు తగ్గించి రాశారా అని అడిగి తెలుసుకున్నాకే మొదటి బిళ్ల వేయించండి.

మీ పెద్దమ్మ